సాక్షియు న్యాయవాదియు: ఎడ్విన్ కామెరాన్ స్వీయకథా పరిశీలనము

న్యాయస్థానములందు ఒక నియమము కలదు. ఏ వ్యవహారమున తాను సాక్ష్యమీయవలసియుండునో ఆ వ్యవహారమున న్యాయవాది వకాల్తా పుచ్చుకొనరాదు. సాక్షి తాను కన్నది చెప్పవలెను. న్యాయవాది తాను కోరినది సాధింపవలెను. ఈ రెండు పనులును ఒక్కని నోట కలిసినచో మొదటిదానికి చెఱుపు కలుగునని పెద్దలు భావించిరి. న్యాయమూర్తి యీ యిరువురికిని వెలుపలివాడు. ఆతడు వినువాడే కాని చెప్పువాడు కాడు. ఈ మూడు స్థానములును ఒక్క మనుష్యునియందే కూడిన గ్రంథమొకటి 2005లో దక్షిణాఫ్రికానుండి వెలువడెను. దాని పేరు ‘విట్‌నెస్ టు ఎయిడ్స్’. రచయితయైన ఎడ్విన్ కామెరాన్ అప్పటికి ఆ దేశపు అప్పీళ్ల సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి, అంతకు పూర్వము మానవహక్కులకై వాదించిన న్యాయవాది, హెచ్.ఐ.వి. తన దేహమున ప్రవేశించి అప్పటికి రెండు దశాబ్దములు గడచినవాడు.

మన భాషలో ఈ జాతి రచనకు పోలిక వెదకువారికి కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము మొదట స్ఫురించును. జీవితమును ఉద్యమమును విడదీయరాని రీతిగా పెనవైచి చెప్పుటలో ఈ రెండు గ్రంథములును దగ్గఱివి. కాని భేదమొకటి కలదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినపుడు పంతులుగారు పరుల దుఃఖమునకై పోరాడిరి. ఆ దుఃఖము వారు స్వయముగా పడినది కాదు. కామెరాన్ తన నెత్తుటిలోని దానిని గూర్చి వాదించుచున్నాడు. పరులకొఱకు వాదించువానికి ఉదారుడను పేరు అడుగకయే వచ్చును. తనకొఱకు వాదించుకొనువానిపై స్వార్థపరుడను శంక వ్రాలును. ఆ శంకను తొలగించుకొనుటయే యీ గ్రంథరచనలోని పెద్ద చిక్కు. దానినాతడు ఎట్లు విడదీసెనో, ఎచ్చట విడదీయలేకపోయెనో చూచుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

కథాసంగ్రహము కొంత యవసరము. కామెరాన్ 1953లో ప్రిటోరియాలో జన్మించెను. పేద తెల్లకుటుంబము, బాల్యమున కొన్ని యేండ్లు అనాథశరణాలయమున గడచినవి. వర్ణవివక్ష ప్రభుత్వము తెల్లవారికై నడపిన మంచి పాఠశాల యాతనిని పైకి తెచ్చినది. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, తనను పైకి తెచ్చిన ఆ వివక్షమీదనే వాదింపసాగెను. 1985లో వైరస్ సోకెను. 1986 డిసెంబరులో వైద్యుడు టెలిఫోనుమూలమున ఆ వార్త తెలిపెను. 1994లో నెల్సన్ మండేలా ఆతనిని న్యాయమూర్తిగా నియమించెను. 1997 అక్టోబరులో వ్యాధి పైకొనెను. ఆ నవంబరులో ఔషధసేవ యారంభమయ్యెను. 1999 ఏప్రిలులో, రాజ్యాంగ న్యాయస్థానమున ఖాళీపడిన పదవికై న్యాయసేవాసంఘము బహిరంగముగా ప్రశ్నించుచుండగా, తాను హెచ్.ఐ.వి.తో జీవించుచున్నానని ఆతడు ప్రకటించెను.

గ్రంథారంభము నిరాడంబరమైనది. జొహానెస్‌బర్గు ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తుల విశ్రాంతిమందిరమునుండి రెండంతస్తుల పైనున్న తన గదికి మెట్లెక్కలేకపోయిన దినమున తనకు ఎయిడ్స్ వచ్చినదని గ్రహించినట్లు ఆతడు చెప్పుచున్నాడు. విధి ప్రసక్తి లేదు, విలాపము లేదు. రెండంతస్తుల మెట్లు మాత్రము కలవు. సాక్షి యట్లే మాటలాడవలెను. కొలువదగినది చెప్పి యూరకుండుట తెలిసిన రచయిత యితడని పాఠకునకు మొదటి పుటయందే నమ్మకము కలుగును.

మన ఆలంకారికులు వ్యాధిని ముప్పది మూడు వ్యభిచారిభావములలో ఒకటిగా పరిగణించిరి. మరణమును గూడ అందే చేర్చిరి. విప్రలంభమునందలి దశావస్థలలో వ్యాధి యెనిమిదవది, మరణము పదియవది. అనగా వ్యాధి యొక గమ్యము కాదు. సమాగమమునకో చావునకో పోవు త్రోవలోని మజిలీ. ఎయిడ్స్‌ను గూర్చి పాశ్చాత్యదేశములలో వెలువడిన తొలి రచనలును ఈ క్రమమునకు లోబడినవే. సమ్మిళిత ఔషధచికిత్స 1996లో స్థిరపడువఱకు ఆ కథలకు వేఱు ముగింపు లేకుండెను: రోగము, కృశత్వము, మరణము. అందువలన వాని నన్నిటిని కరుణరసమున చేర్చుట విమర్శకులకు సులభమయ్యెను. కామెరాన్ కథ యా చట్రమున నిముడదు. ఇందు వ్యాధి వచ్చినది, పోయినది. వైరస్ మాత్రము పోలేదు. లక్షణకర్తల పరిభాషతో కొంత చనువు తీసికొన్నచో, వ్యాధి సంచారియై వైరస్ స్థాయియైనదని చెప్పవచ్చును. చావు కొఱకు సిద్ధపడినవాడు చావక నిలిచి, ఏండ్ల తరబడి న్యాయస్థానమునకు పోయి తీర్పులు చెప్పుచుండినచో ఆ కథకు ఏ రసము అంగియగును?

ఈ ప్రశ్నకు భరతుడే త్రోవ చూపినాడు. కరుణమునకును విప్రలంభమునకును భేదము చెప్పుచు ఆతడు మొదటిది నిరపేక్షమనియు రెండవది సాపేక్షమనియు నిరూపించెను. ఏడ్పు రెండింటను ఉన్నది. ఆశ రెండవదానియందే కలదు. పోయినవారు తిరిగి రారు, దూరమైనవారు రావచ్చును. ‘విట్‌నెస్ టు ఎయిడ్స్’ను కరుణరసప్రధానమని చదువువారు పొరపడుదురని నా యభిప్రాయము. ఈ గ్రంథమునకు ప్రాణము సాపేక్షత్వము. ఇందు ఎదురుచూచునది ప్రియసమాగమము కాదు, మందు. ఆఫ్రికాలో లక్షలమంది చావును దాని చుట్టునున్న లోకము నిరపేక్షమని, తప్పనిదని తలచి దుఃఖించుచుండగా, అది యొక ధరపైనను ఒక ప్రభుత్వ నిర్ణయముపైనను ఆధారపడియున్నదని కామెరాన్ నిరూపింపబూనెను. జాలిపడి కన్నీరు కార్చి లేచిపోవు శ్రోతతో ఆతనికి పని లేదు.

2000 జూలైలో డర్బనులో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభలో ఆతడు చేసిన జోనాథన్ మాన్ స్మారకోపన్యాసమును ఈ దృష్టితో చదువవలెను. ఆ సభల ప్రారంభదినమున దేశాధ్యక్షుడు తాబో ఎంబెకి మాటలాడెను. వైరస్‌కును ఎయిడ్స్‌కును గల సంబంధమును సందేహించువారికి ఆయన అప్పటికే చోటిచ్చియుండెను. పుట్టుకతోనే హెచ్.ఐ.వి. సోకిన పదునొకండేండ్ల ఎంకోసి జాన్సన్ అను బాలుడును ఆ దినముననే మాటలాడెను. మరుసటి సంవత్సరము జూన్ 1న ఆ బాలుడు మరణించెను. కామెరాన్ తన ఉపన్యాసమున చెప్పిన ముఖ్యవిషయమొక్కటే: తాను బ్రతికి యీ వేదికపై నిలుచుటకు కారణము ధైర్యము కాదు, పుణ్యము కాదు, ప్రాణమును కొనగల స్తోమత. తనవలె వైరస్ సోకినవారు ఆఫ్రికాలో కోట్లకొలది యుండగా వారికి లేనిది ఆ స్తోమతయే.

పైన చెప్పిన చిక్కును ఆతడు విడదీసిన పద్ధతి యిదియే. వాది తన పక్షమును బలపఱచుకొనుటకు తన కష్టమును పెంచి చెప్పుట లోకసహజము. ఈతడు తన సౌకర్యమును విప్పి చెప్పినాడు. తెల్లవాడగుటయు, పదవియు, జీతమును, ఆదరించు మిత్రులును ఉండుటచేతనే తాను మాటలాడగలుగుచున్నానని ఒప్పుకొన్నాడు. ఆ యొప్పుకోలు వాదమునకు దౌర్బల్యము కాలేదు, వాదమే యయ్యెను. ధనముతో కొనబడిన యీ యొక్క ప్రాణము మందు పనిచేయుననుటకు ప్రత్యక్షప్రమాణము. కొనలేనివారు చనిపోవుచుండుట ధర అన్యాయమనుటకు ప్రమాణము. సాక్ష్యమును వాదమును ఇచ్చట పొందిన యైక్యము మఱి యే స్వీయచరిత్రయందును నేను చూడలేదు.

అదే యుపన్యాసమున ఆతడు మందుల కంపెనీల ధరలను, స్వదేశ ప్రభుత్వమును కూడ నిందించెను. పదవిలోనున్న న్యాయమూర్తికి అది చిన్న విషయము కాదు. నాజీల కాలమున జర్మనీలోను, వర్ణవివక్షకాలమున తన దేశములోను ఎఱుగనట్లు కన్నులు మూసికొన్నవారిని నాటి సంపన్నులకు ఉపమానము చేసెను. తొలిసారి చదివినపుడు నాకిది యతిశయోక్తిగా తోచెను. ఔషధములు సకాలమున పంచకపోవుటచే 2000 మొదలు 2005 వఱకు దక్షిణాఫ్రికాలో 3,30,000 మందికి పైగా ప్రాణములు పోయినవని హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో లెక్కగట్టిరి. ఆ లెక్క చూచిన తరువాత అది స్వభావోక్తియే యనిపించినది.

ఔషధప్రకరణము గ్రంథమునకు వెలుగైనచో లజ్జాప్రకరణము దానికి లోతు. వ్రీడ మన శాస్త్రమున సంచారిభావము మాత్రమే. క్షణకాలము చెక్కిలి కెంపెక్కించి తొలగిపోవునది. ఈ గ్రంథమున అది పండ్రెండేండ్లకు పైగా నిలిచినది. 1986లో వార్త విన్న తరువాత ఎయిడ్స్ రోగుల హక్కులకై శాసనపత్రములు వ్రాసిన న్యాయవాది, 1993లో ఎయిడ్స్ న్యాయపథకమను సంస్థను స్థాపించి నడపిన వ్యక్తి, తన విషయమును లోకమునకు చెప్పలేకపోయెను. పరులకు లజ్జ తగదని వాదించుచు తాను లజ్జపడుచుండుటలోని వైపరీత్యమును ఆతడు దాచలేదు. లోకము వేయు నిందకంటె, ఆ నిందను ముందే నమ్మి లోపల తలవంచుకొనిన మనస్సు ఎక్కువ అపకారము చేయునని ఆతని సిద్ధాంతము. పూర్వజన్మపాపము వ్యాధిరూపమున బాధించునను మాటను ఉగ్గుపాలతో విన్న మన దేశపు పాఠకులకు ఈ భాగమున వ్యాఖ్యానమక్కఱలేదు.

మౌనము వీడుటకు ప్రేరణ యేమి? 1998 డిసెంబరులో డర్బను చెంతనున్న క్వామషులో గుగు ద్లామిని అను స్త్రీ తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని బహిరంగముగా చెప్పి, పిమ్మట కొలదిదినములకే ఇరుగుపొరుగువారి దాడిలో చంపబడెను. ఆమెకు రక్షణగా కంచె లేదు, పదవి లేదు. అయినను ఆమె మాటలాడినది. అన్ని రక్షణలు గల తాను మౌనముగా నుండుట యెట్లని కామెరాన్ తన్ను తాను ప్రశ్నించుకొనెను. అయిదు నెలలు తిరుగకముందే ఆతడు ప్రకటన చేసెను. ఇచ్చట గమనింపదగిన దేమనగా, గ్రంథమున ఆమె ప్రేరణగా కలదు, కథగా లేదు. ఆమె బ్రతికిన తీరు, ఆమె పలుకులు మనకు వినబడవు. రచయితను దీనికై తప్పుపట్టుట న్యాయము కాదు. తాను చూడని దానిని సాక్షి చెప్పరాదుగదా. ఐనను ఎవరి సాక్ష్యము గ్రంథమగునో, ఎవరి సాక్ష్యము మరణముతోనే ముగియునో యీ యొక్క తావు తెలుపుచున్నది. మన దేశమునను ఇట్టిదే కలదు. గోవాలో డొమినిక్ డిసౌజా 1989లో పోలీసుల చేతికి చిక్కి రెండు నెలలకు పైగా నిర్బంధింపబడెను. ఆతని విషయమును లోకమునకు ప్రకటించినది ఆతడు కాదు, ప్రభుత్వము. 1998లో చెన్నపట్టణమున పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ స్థాపించిన కౌసల్య పెరియసామి మొదలగు స్త్రీలకు న్యాయపీఠము లేదు. ఒకరికొకరు తోడు మాత్రము ఉండిరి. వారి మాటలు సభలలో పలుకబడినవి. అట్టివానిని వ్రాసికొని భద్రపఱచుట మన పరిశోధకవిద్యార్థులకు తగిన పని.

గ్రంథమున నన్ను మిక్కిలి కదలించినది డర్బను ఉపన్యాసము కాదు. రచయిత యింటి తోటలో జరిగిన కథ. జింబాబ్వేనుండి వచ్చి ఆ తోటలో పనిచేయుచుండిన వాడొకడు చిక్కిపోసాగెను. యజమాని గుర్తించెను; ఆ మెట్లెక్కిన యనుభవము గలవాడు గుర్తింపకుండునా? సహాయము చేయుదునని చెప్పెను. పనివాడు విషయమును బయటపెట్టలేదు. యజమానియు, ఆతని గోప్యమును గౌరవింపవలెనని కాబోలు, గట్టిగా అడుగలేదు. ఆ మనుష్యుడు స్వదేశమునకు పోయి మరణించెను. మందు ఉన్నది, కొనగలవాడు ఉన్నాడు, ఇచ్చుటకు మనస్సు ఉన్నది. ఐనను ప్రాణము నిలువలేదు. ఇన్నాళ్లు ధరయే యడ్డమని వాదించిన న్యాయవాది వాదమునకు ఆతని యింటి యావరణమే ప్రత్యుదాహరణమైనది. ధర తొలగినను లజ్జ తొలగలేదు. అంతకంటె ముఖ్యముగా, ఒక న్యాయమూర్తి బహిరంగముగా ‘నాకును ఉన్నది’ అని చెప్పినను, ఆ మాట తోటవానికి ధైర్యమీయలేదు. యజమాని చెప్పగల మాట పనివాడు చెప్పలేడు. చెప్పినవాని స్థానమును బట్టి ఒకే వాక్యమునకు ఫలము మాఱును.

ఇట్టి యోటమిని దాచుట న్యాయవాదికి తగును. చెప్పుట సాక్షికి తగును. ఇచ్చట కామెరాన్ సాక్షి పక్షమున నిలిచినాడు. తాను అడుగవలసినంత అడుగలేదను సంతాపమును సమర్థింపక విడిచినాడు. సాపేక్షమని తాను నిరూపించిన దుఃఖము ఈ యొక్క మనుష్యునియెడ నిరపేక్షమైపోయినది. గ్రంథమునందు కరుణము నిజముగా కలదన్నచో అది యిచ్చటనే కలదు. ఈ యనుభవమును బట్టియే కాబోలు, ఆతడు తరువాతి కాలమున పరీక్షను ఒక మహావిపత్తువలె గాక తక్కిన పరీక్షలవలె సామాన్యము చేయవలెనని వాదించెను. గోప్యమునకై పోరాడినవారిలో కొందఱకది రుచింపలేదు.

ఇక పదముల విషయము. 1983 జూన్‌లో అమెరికాలోని డెన్వరు నగరమున కూడిన ఎయిడ్స్ పీడితులు తమను బాధితులనవద్దనియు, ఎప్పుడును రోగులు మాత్రమే యనవద్దనియు ప్రకటించి, ‘ఎయిడ్స్ గల మనుష్యులు’ అను పేరు కోరుకొనిరి. (పైవాక్యమున ‘పీడితులు’ అని నేనే వ్రాసితిని, అలవాటు ఎంత బలీయమో చూడుడు.) తెలుగు పత్రికలలో ‘ఎయిడ్స్ బాధితుడు’, ‘ఎయిడ్స్ రోగి’ అనునవి పాతుకొనిపోయినవి. ‘హెచ్.ఐ.వి.తో జీవించువారు’ అను ప్రయోగము తరువాత వచ్చినది; ఇంగ్లీషు ఛాయ యని దానిని కొందఱు పరిహసింతురు. నేనంగీకరింపను. మన వ్యాకరణమున తృతీయకు చేత, తోడ అను రెండు రూపములు కలవు. ‘వ్యాధిచేత పీడింపబడువాడు’ అన్నపుడు కర్తృత్వము వ్యాధిది, మనుష్యుడు కర్మ. ‘వ్యాధితోడ జీవించువాడు’ అన్నపుడు కర్త మనుష్యుడు. వ్యాధి వెంట వచ్చునది. ఒకే విభక్తియందలి రెండు ప్రత్యయముల నడుమ ఇంత యంతరమున్నది. పొరుగువానితో, సవతితో, అత్తతో కాపురము చేయుదుమని చెప్పు భాషకు, వైరస్‌తో జీవించుట యెట్లు పరకీయమగును?

గ్రంథమునకు దోషములు లేకపోలేదు. మందుల ధరలు, పేటెంటు హక్కులు మొదలగువానిని చర్చించు భాగమునకు నేథన్ గెఫెన్ తోడ్పడెను. ఆ పుటలు విషయపుష్టి గలవే కాని కంఠస్వరము మాఱినది. మెట్లెక్కలేనివాని యూపిరి అచ్చట వినబడదు. మఱికొన్ని తావుల న్యాయనిర్ణయపు శైలి చొచ్చి, పూర్వపక్షము, సిద్ధాంతము అను ధోరణి విసుగు గొల్పును. ఆతని సమకాలికుడు, చికిత్సోద్యమనాయకుడునైన జాకీ అఖ్మత్ వేఱొక త్రోవ త్రొక్కెను. ప్రజలకు ప్రభుత్వ వైద్యశాలలలో దొరకువఱకు ఆ మందు తానును మ్రింగనని పూని 1999 మొదలు 2003 వఱకు ఆ నియమమున నిలిచెను. స్వార్థశంకకు అఖ్మత్ చెప్పిన సమాధానము వ్రతము. కామెరాన్ చెప్పినది ఒప్పుకోలు. వ్రతమునందు వీరమున్నది, కావ్యమునకు అది యెక్కువ యనుకూలము. కాని మందు మ్రింగి బ్రతికి, బ్రతుకుటకు సిగ్గుపడక, అందులోని యన్యాయమును మఱవక మాటలాడుట దీర్ఘకాలము సాగవలసిన పని. ఆ పనికి వీరముకంటె ఓర్పు అవసరము.

ఆ పని సాగినది. 2002 జూలై 5న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, తల్లినుండి బిడ్డకు వైరస్ సోకకుండ కాపాడు నెవిరాపిన్ అను మందును ప్రభుత్వ వైద్యశాలలన్నిటను అందుబాటునకు తేవలెనని తీర్పు చెప్పెను. 2004లో ఉచిత చికిత్స మొదలయ్యెను. నేడు ఏబది లక్షలకు పైబడిన జనులు అచ్చట ఔషధసేవ చేయుచున్నారు. క్రమముగా మందు తీసికొని నెత్తుటిలో వైరస్ కానరాని స్థితికి వచ్చినవారినుండి సంభోగముమూలమున అది యితరులకు సోకదని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. కామెరాన్ 2009 మొదలు 2019 వఱకు రాజ్యాంగ న్యాయస్థానమున కూర్చుండి, విరమించిన పిదప 2020లో కారాగారముల తనిఖీ న్యాయమూర్తియయ్యెను. 1997లో మెట్లెక్కలేకపోయినవాని కథకు ఇది యుత్తరభాగము, గ్రంథమున లేదు.

ఈ కథలో మన తావు కొంత కలదు. సంపన్నదేశములలో ఒక్కొక్కరికి ఏడాదికి పదివేల డాలర్లకు పైబడియుండిన మందును 350 డాలర్లకే యిత్తునని 2001 ఫిబ్రవరిలో బొంబాయిలోని సిప్లా సంస్థ ప్రకటించెను. 2003లో క్లింటన్ ప్రతిష్ఠానముతో తక్కువ ధరకు ఒప్పందము చేసికొన్న భారతీయ సంస్థలలో హైదరాబాదుకు చెందిన మాట్రిక్స్ ఒకటి. హెటిరో, అరవిందో సంస్థలును ఈ నగరమువే. ఆఫ్రికాలో ఒకడు ప్రతిదినము మ్రింగు మాత్ర మన పొలిమేరలో తయారగుచున్నది. ఇక్కడ 2004 ఏప్రిలులో ఉచిత చికిత్స ప్రారంభమైన ఆఱు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము కలదు. రోగి విషయమును ఆతని యనుమతి లేక బయటపెట్టరాదనియు, వివక్ష చూపరాదనియు చెప్పు చట్టము 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10న అమలునకు వచ్చెను.

ఈ గ్రంథమును తెనిగింపదలచినవారికి మొదటి చిక్కు పేరుతోనే వచ్చును. సాక్షాత్తుగా చూచినవాడు సాక్షి యని పాణిని. వేదాంతులు ఏమియు నంటని యుదాసీనుని సాక్షి యనిరి. ‘ఎయిడ్స్‌కు సాక్షి’ అన్నచో చూచినవాడు మాత్రమే స్ఫురించును, పడినవాడు స్ఫురింపడు. ‘ఎయిడ్స్ సాక్ష్యము’ అన్నచో ఎవరు చెప్పిరో, ఎవరిని గూర్చి చెప్పిరో తెలియదు. తోడ అను ప్రత్యయము నెట్లయినను పేరులో ఇమిడింపవలెనని చాలకాలముగా యత్నించుచున్నాను. తగిన కూర్పు ఇంకను దొరకలేదు.